తూర్పున అస్తమించిన సూర్యుడు

పుదుచ్చేరిలో సముద్రం తూర్పున ఉంటుంది. అయినా ఆ నీళ్లలో సూర్యుణ్ణి ముంచిన ఘనత నాది. పాతికేళ్లు టీవీ సీరియళ్లు తీసి, ఇప్పుడు హైదరాబాదులో కాలేజీ పిల్లలకు అదే పని నేర్పుతున్నాను. ఏటా ఈ కథతోనే పాఠం మొదలుపెడతాను. సీరియల్‌కి సూర్యాస్తమయం కావాలి; మాకు దొరికింది సూర్యోదయం. అదే తీసి, ఎడిటింగులో వెనక్కి తిప్పి వేశాం. చూసినవాళ్లంతా ఎంత చక్కని సాయంత్రమో అన్నారు. ఏటేటా కథకు కొంత చేరుస్తుంటాను. ఈమధ్య అందులో ఒక తిమింగలం కూడా వచ్చింది.

ఈసారి ఆ షాటు చూపించగానే దేవిక అనే అమ్మాయి లేచింది. “సార్, అందులో సైకిలు నెట్టుకుపోయే ఆయన మా తాత.”

క్లాసంతా నవ్వింది. నన్ను మించినవాళ్లు వచ్చారనుకున్నాను. దేవికది పుదుచ్చేరి పక్కన, ఏరు దాటితే వచ్చే అరియాంకుప్పం. తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. టీవీవాళ్లు ఆగమని అరిచినా ఆగకుండా కెమెరా ముందునుంచే పాలు తీసుకుపోయానని తాత బతికినన్నాళ్లూ చెప్పాడట. అవ్వ ఒక్కనాడూ నమ్మలేదట.

“తాత పోయినాక అవ్వకు అదే దిగులు సార్. నిజమేమో, నేనే ఊరికే తిట్టినానేమో అంటుంది. ఫోన్లో చూపిస్తే నమ్మదంట. తీసిన మనిషే రావాలంట.”

ఎవరో పాలాయన ఫ్రేములోకి వచ్చిన మాట నిజం. ఆయన ఈయనేనా అన్నది నాకూ తెలియదు.

సెలవులకు దేవిక ముందే ఇల్లు చేరింది. నేను శుక్రవారం సాయంత్రం రైలెక్కి, పొద్దున్నే చెన్నైలో ఇడ్లీ తిని, ఏడున్నరకు తీరం రోడ్డు బస్సు పట్టాను. దారిలో మరక్కాణం ఉప్పు మడుల నీళ్లలో ఆకాశం మొత్తం దిగి పడుకుని ఉంది. బస్సు మబ్బుల మీద పోతున్నట్టే ఉంది. ఏం పనిమీద వెళ్తున్నారని పక్కాయన అడిగాడు. “పోయినాయన్ని ఒకసారి నడిపించాలి” అన్నాను. ఆయన తన సంచి అవతలి పక్కకు మార్చుకున్నాడు.

పదకొండున్నరకు దిగాను. పసుపు గోడల నీడల్లో, కాగితంపూల కింద నిద్రలో నడిచినట్టు నడిచి, సముద్రం చూసి, భోంచేసి, రెండు గంటలకు టౌను బస్సులో ఏరు దాటాను.

అవ్వ వాకిట్లోనే పట్టుకుంది. “ఆయన్ని ఆగమని అరిచింది నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“ఆగినాడా?”

“లేదు.”

“నా మాటకే ఆగలా, నీ మాటకు యాడ ఆగేది!”

లాప్‌టాప్ తెరిచి షాటు వేశాను. సూర్యుడు మెల్లగా నీళ్లలోకి దిగుతున్నాడు. ఆ వెలుగుకు అడ్డంగా నల్లని నీడలా సైకిలూ, మనిషీ.

అవ్వ ముందుకు వంగింది. “ఏందయ్యా ఇది? ఎవురో ఎనక్కెనక్కి నడస్తా ఉండాడు. మాయన గాదు.”

ఇన్నేళ్లూ నేను సూర్యుణ్ణే చూశాను. సూర్యుడితోపాటు మనిషీ వెనక్కి నడుస్తాడని నాకు తట్టనే లేదు. అసలు టేపా, దానిమీద ఎప్పుడో ఇంకేదో రికార్డు చేసేశారు.

“అట్టయితే ఆయన చెప్పింది అబద్దమే” అంది అవ్వ, నేల చూపులు చూస్తూ.

దేవిక లాప్‌టాప్ లాక్కుంది. “మీరు తిప్పిందాన్ని మళ్లీ తిప్పితే సరి గదా సార్!”

ఆ విద్య నేను నేర్పిందే.

సూర్యుడు సముద్రంలోంచి లేచాడు. కుడివైపునుంచి నీడ వచ్చింది. ఒక చేయి హ్యాండిల్ మీద. నాలుగడుగులకోసారి భుజం ఎగరేస్తోంది.

అవ్వ తెర దగ్గరికి జరిగింది.

“పాల క్యాను ఒంటికి తగలకుండా అట్టనే ఎగరేస్తాడు” అంది. “ఆయనే. నిజమే చెప్పినాడు గదే, పాపా!”

నీడ తెర అంచుకు చేరుతోంది.

“నిలుపు, నిలుపు! కాఫీ తాగి పోనీ.”

దేవిక బొమ్మ ఆపింది. అవ్వ లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. మేం ముగ్గురం. గ్లాసులు నాలుగు.

ఆరింటికి చెన్నై బస్సెక్కాను. సూర్యుడు బుద్ధిగా పడమట, సరుగుడు తోటల వెనక దిగుతున్నాడు. పక్కన యానాం నుంచి బదిలీమీద వచ్చిన ఉద్యోగి. కబుర్లలో జరిగిందంతా చెప్పాను. ఒక్క ముక్క చేర్చలేదు, తిమింగలాన్ని కూడా రానివ్వలేదు.

ఆయన ఆసాంతం విని నవ్వాడు. “భలే కోస్తారండీ మీరు!”

ఒట్టు పెట్టబోయి మానుకున్నాను. ఆ పాలాయన పక్కన చోటు దొరికినట్టనిపించి, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను.