ఉప్పు కలిపిన చింతపండు

ఉదయం పదకొండు నలభైకి పోస్టు చేరాను. ఎత్తు పదిహేను వేల అడుగులు. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. ఒక ఫైబర్ గుడిసె, మూడు వైపులా మంచు, నాలుగో వైపు లోయ. గుడిసెలో నాతో కలిపి నలుగురం. పోస్టు కమాండర్ సుబేదార్, వైర్‌లెస్ ఆపరేటర్, మందులు చూసే నర్సింగ్ సిపాయి, జనరేటర్ నడపడానికి నేను. డ్యూటీ తొంభై రోజులు.

కింది క్యాంపు దాకా టెలిఫోన్ తీగ ఉంది. అది తెగితే వాడటానికి ఒక వైర్‌లెస్ సెట్టు. సెట్టు వయసు నాకంటే ఎక్కువ.

"నీకేం పని వచ్చు?" సుబేదార్ హిందీలో అడిగాడు.

నేను కేసముద్రం వాణ్ని. అడిగినదానికి మాత్రమే జవాబిస్తే మా మార్కెట్ యార్డులో మనిషి కింద లెక్కేయరు. పత్తి ట్రాక్టర్ రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసి హైదరాబాద్ దాకా నడిపానన్నాను. పసుపు నిజం. ట్రాక్టర్ మాత్రం మహబూబాబాద్ కూడా దాటలేదు. మూగబోయిన రేడియోలు నన్ను చూస్తేనే పాడతాయని కూడా అన్నాను. సుబేదార్ నవ్వలేదు. నమ్మాడు.

ఆపరేటర్‌ది తెనాలి దగ్గర ఊరు. ఇంటి దగ్గర తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న చలికాలం అది. సాయంత్రం చిన్న ట్రాన్సిస్టర్‌లో వార్తలు వినేవాళ్లం. బంద్ అనగానే నేను తొడ చరిచేవాణ్ని. అతను మూతి తిప్పేవాడు.

"రాష్ట్రమొస్తే వైర్‌లెస్‌లో కూడా గిట్ల, గట్ల అంటారా ఏంటండీ?"

"అంటం తమ్మీ. ఇన్నేండ్లు సినిమాల్ల మీరు నవ్విండ్రు. ఇగ సెట్టుల మేం మాట్లాడ్తం, మీరు రాసుకోండ్రి."

"అర్థమైతేగా రాసుకోడానికి!"

"కాకుంటే చెయ్యి లేపు. మల్లొకసారి చెప్తం."

పన్నెండో రోజు మంచు మొదలైంది. ఐదు రోజులు ఆగలేదు. తలుపు తీస్తే ఎదురుగా తెల్లగోడ. పారతో తవ్విన దారి గంటలో పూడిపోయేది. టెలిఫోన్ తీగ ఎక్కడో మంచు కింద తెగింది. చేతులు చాపితే గుడిసె రెండు గోడలూ తగిలేవి. అంతే మా ప్రపంచం.

పదిహేడో రోజు ఉదయం ఆరింటికి ఆపరేటర్ దగ్గాడు. గులాబీ రంగు నురగ పడింది. నర్సింగ్ సిపాయి అతని వీపుకు చెవి ఆనించి విన్నాడు.

"ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దించకపోతే బతకడు. ఆక్సిజన్ రేపు సాయంత్రం దాకే."

దించాలంటే హెలికాప్టర్ రావాలి. దాన్ని పిలవాలంటే సెట్టు పలకాలి. అది ఉలకలేదు. సుబేదార్ నా వైపు తిరిగాడు.

"నిన్ను చూస్తే పాడతాయన్నావుగా."

మమ్మల్ని మూసింది మంచు ఒక్కటే అనుకున్నాను. నా మాట కూడా నన్ను లోపలేసి గడియ పెట్టింది.

సెట్టు వెనక పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఇది నాకు తెలిసిన రోగమే. చిట్యాల నుంచి మా అవ్వ కట్టిచ్చిన చింతపండు నా సంచిలో ఉంది. రాగి బిందె తోమినట్టు తోమాను. పిన్నులు తళతళలాడాయి. పదింటికి సెట్టు గురగురమంది. క్యాంపు గొంతు వినిపించింది. "ఎవరది? మళ్లీ చెప్పు." నేను నోరు తెరిచేలోపు మళ్లీ మూగబోయింది. ఆ రోజంతా ఇక పలకలేదు.

మరుసటి ఉదయం విప్పి చూస్తే చిలుము ముందుకంటే ఎక్కువుంది. పిన్నుకు నాలుక ఆనించాను. ఉప్పు! పురుగు పట్టకుండా మా అవ్వ చింతపండులో రాళ్ల ఉప్పు వేసి దంచుతుంది. మా దిక్కు ఇళ్లన్నిట్లో అంతే. నేను తోమానే గానీ కడగలేదు. ఆ ఉప్పు తడి పిన్నుల మధ్య నిలిచి రాగిని తినేసింది. కేసముద్రంలో నాకు పని నేర్పిన ఉస్తాద్ చూసుంటే చెంప పగిలేది. "పైలే దేఖ్, ఫిర్ హాత్ లగా" అనేవాడాయన. ముందు చూడు, తర్వాత చెయ్యి పెట్టు.

ఆ పోస్టులో మొదటిసారి నిజం చెప్పాను.

"సాబ్, సెట్టును నేనే పాడుచేశాను. నాకు బండ్ల పనే వచ్చు. రేడియో పని రాదు."

మాస్కు లోపల ఆపరేటర్ నవ్వాడు. నవ్వు దగ్గయింది. సెట్టు తన పక్కన పెట్టమని సైగ చేశాడు.

"వేడి నీళ్లు... తర్వాత... స్పిరిట్."

మాటకో ఊపిరి. ఊపిరి చాలనప్పుడు వేలు చూపించాడు. గోరు నీలంగా ఉంది. ఆ గోరు ఏ పిన్ను మీద ఆగితే దాన్ని కడిగాను. మందుల పెట్టెలోని స్పిరిట్‌తో తుడిచాను. స్టవ్ సెగకు ఆరబెట్టాను. మొత్తం పదకొండు పిన్నులు. తొమ్మిదో దాని దగ్గర అతని చెయ్యి జారిపోయింది. ఎత్తి పట్టుకున్నాను.

"ఇంక రెండే ఉన్నయ్ తమ్మీ. జర కండ్లు తెరువు."

"గట్లనే... అన్నా."

వెక్కిరించాడో లేదో ఇప్పటికీ తెలియదు.

పన్నెండు ఇరవైకి క్యాంపు పలికింది. మూడింటికి మబ్బు విరిగింది. హెలికాప్టర్ రెండు నిమిషాలు ఆగింది. అతన్ని ఎక్కించాం. మిగిలిన డెబ్బై రెండు రోజులు మేం ముగ్గురమే. సెట్టులో ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "ఆసుపత్రిలో ఉన్నాడు."

అదే నా ఆఖరి డ్యూటీ. తిరిగొస్తూ సికింద్రాబాద్‌లో బండి మారాను. అది జనగామలో ఆగిపోయింది. ఉద్యమకారులు పట్టాల మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు.

"ఎటు పోవాలె అన్నా?" గరిటె పట్టుకున్న ఒకామె అడిగింది.

"కేసముద్రం అక్కా."

"గియ్యాల పోనట్టే. కూసో, ఇంత తిను."

ఇరుక్కోవడం నాకు కొత్తా? కూర్చున్నాను. అన్నంలో పచ్చిపులుసు పోసింది. చింతపండు, ఉప్పు. మొదటి ముద్దలో ఆ పిన్ను మీది ఉప్పే నాలుకకు తగిలింది.

నాలుగు నెలలకు తెనాలి నుంచి పార్సిల్ వచ్చింది. కిలో చింతపండు, ఒక చీటీ. "ఉప్పు కలపలేదండీ. అయినా కడగండి."

ఇప్పుడు కేసముద్రంలో నాకో రిపేరు కొట్టు ఉంది. పాత రేడియోలు, పాత మోపెడ్లు. వచ్చినవాళ్లకు ఈ కథ చెబుతుంటాను. ఎత్తు ఇరవై వేల అడుగులకు పెరిగింది. సెట్టును కళ్లకు గంతలు కట్టుకుని బాగుచేశానని కూడా అంటాను. గోరు సంగతి మాత్రం ఎవరికీ చెప్పను. ఏ పాత పెట్టె మూత విప్పినా, నా చేతికంటే ముందు ఆ నీలం గోరు వచ్చి పిన్నుల మీద వెతుకుతుంది. అది ఒకచోట ఆగేదాకా నేను చెయ్యి పెట్టను.