నోరు కదలని రాక్షసుడికి గొంతు

కొన్నేళ్ల కిందట ఒక మార్చిలో, కువైట్‌లోని దజీజ్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో తెలుగు విభాగం పర్యవేక్షకుడిగా చేరాను. తెలుగు మాటలు రాయడమూ నా పనే. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా దినపత్రిక డెస్కులో పనిచేశాను. స్టూడియో అంటే గోదాములో ఒక మూల, గోడలకు స్పాంజి అతికించిన గది. పక్క గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ కదిలితే రికార్డింగు ఆపాల్సి వచ్చేది. అందుకే మా పని ఎక్కువగా అక్కడ సెలవు రోజైన శుక్రవారాల్లోనే సాగేది.

మొదట వచ్చింది ఒక జపాన్ ధారావాహిక. రబ్బరు తొడుగులో మనిషి దూరి రాక్షసుడిగా నటిస్తాడు. చుట్టూ బల్లల మీద కట్టిన చిన్న చిన్న మేడలు కూలుతుంటాయి. డబ్బింగ్ మాటలు రాసేవాడు మామూలుగా పాత్ర పెదవులు ఎక్కడ మూసుకుంటాయో చూసి, అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడేలా రాస్తాడు. మాస్కుకు పెదవులు కదలవు కాబట్టి నా పని సులువైందనుకున్నాను. పేజీలో ఖాళీ వదలడం తప్పని నేర్చుకున్న చెయ్యి నాది. రాక్షసుడు ఊరుకున్న చోటల్లా ఒక బెదిరింపో, శాపమో రాసి నింపాను.

ఆ పాత్రకు గొంతు ఇచ్చింది జగిత్యాల రాజన్న. నిర్మాణ కంపెనీలో క్రేన్ ఆపరేటర్‌కు కింద నుంచి చేతి సైగలు ఇవ్వడం అతడి ఉద్యోగం. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సమ్మతితో పార్ట్‌టైమ్ అనుమతి తీసుకొని మా దగ్గరికి వచ్చేవాడు. పేరు తెర మీద పడుతుందని అబూ హలీఫాలో తన గదిలో ఉన్నవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

జపాన్ నుంచి ఆ ధారావాహిక నిర్మాణ సంస్థ పర్యవేక్షకురాలు నమూనా భాగాన్ని తిప్పి పంపింది. రాక్షసుడి గొంతు అతడి ఒంటికి అతకలేదని రాసింది. మా మేనేజరు ఈజిప్టు మనిషి. ఒక్క ముక్కలో తేల్చేశాడు: ఖలాస్, రేపు వేరే గొంతు పెట్టండి.

ఆ మాట రాజన్నకు నేనే చెప్పాల్సి వచ్చింది. నాయకుడి పాత్రకు గొంతు ఇచ్చే కడప రెడ్డెయ్య పక్కనే ఉన్నాడు.

“ఏంబ్బా రాజన్నా, నోరే లేనోనికి మాట్లాడి గూడా ఫెయిలైతివే!” అన్నాడు.

రాజన్న నవ్వలేదు. “సార్, ఒక్కపారి సౌండ్ బంద్ జేసి బొమ్మ ఏయుండ్రి,” అన్నాడు.

వేశాను. తన కొండను తవ్వేసిన చోటికి రాక్షసుడు వస్తాడు. చెయ్యెత్తి ఒక మాట అంటాడు. చెయ్యి దించుతాడు. ఆ తర్వాత మెడ మెల్లగా తిరుగుతుంది, ఒక భుజం జారుతుంది, వేళ్లు ముడుచుకుంటాయి. మాస్కు మారదు కాబట్టి లోపలి మనిషి కోపాన్నీ దుఃఖాన్నీ ఒంట్లోకి తెచ్చుకున్నాడు. అంత బరువు తొడుగులో, సరిగా చూపు ఆనని కన్నాల వెనక నిలబడి అతడు చేసిన పని అది. సరిగ్గా అక్కడే నేను ఐదు వాక్యాల శాపం పెట్టాను.

“ఈడ నేను మాట్లాడద్దు సార్. ఆయన మాట్లాడుతుండు,” అన్నాడు రాజన్న. “క్రేన్ కాడ గూడ గంతే. సెయ్యి దించినమంటే మాట ఒడిసినట్టు.”

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“కాయితం మీద ఉన్నది సదువుమన్నరు గద సార్.”

మేనేజరు గదికి వెళ్లి, తప్పు గొంతుది కాదు, నా రాతది అని చెప్పాను. ఇన్నాళ్లూ ఏం చూశావని అడిగాడు. ఇవాళే మార్చి రాస్తానన్నాను. సాయంత్రం దాకా గడువిచ్చాడు. ఐదు వాక్యాలూ కొట్టేశాను. రాజన్న మైకు ముందు నిలబడి, తన చెయ్యి కూడా ఎత్తి, మాట పూర్తికాగానే దించాడు. మిగతా దృశ్యమంతా ఊపిరి మాత్రమే వినిపించాడు.

నాలుగో రోజున జపాన్ నుంచి ఆమోదం వచ్చింది. ఈ గొంతు మనిషి ఎప్పుడైనా తొడుగు వేసుకొని నటించాడా అని ఆమె అడిగింది. రాజన్నకు చదివి వినిపించాను.

“హెల్మెట్, జాకెట్ ఏసుకొని ఏండ్ల సంది ఎండల నిలవడ్డడని రాయుండ్రి,” అన్నాడు.

అలాగే రాశాను.

తప్పు రాతలో ఉన్నా, వేటు మొదట పడేది గొంతు మీదే. రాసినవాడు తెర వెనక ఉంటాడు, చదివినవాడు వినిపిస్తాడు. ఆ తర్వాత రిటైరయ్యే వరకు, ప్రతి టేకుకు ముందు గొంతు ఇచ్చేవారిని ఇందులో ఏ మాట అక్కర్లేదో చెప్పమని అడిగాను. దాదాపు ప్రతిసారీ ఒకటి దొరికేది.