ఇరవై ఎనిమిది పళ్ళ చక్రం

పోయిన నెల ఒక ఉదయం, తిరువళ్ళూరులో నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మామకు ఊపిరాడలేదు నాయనా. కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు," అంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పళ్ళిపట్టు దగ్గర నేతవాళ్ళ వీధిలో ఉండేవాడు. మగ్గాలు బాగుచేయడం ఆయన పని. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి మగ్గం మొరాయించినా సంచిలో సుత్తి, రంపం, తాళ్ళు వేసుకుని సైకిల్ మీద పోయేవాడు. ఆ పని తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే మానేసి చివరికి ఆయన ఒక్కడే మిగిలాడు. ఎవరింట్లో కాఫీ ఇచ్చినా మగ్గం ఆడేదాకా ముట్టేవాడు కాదు. ఆయన ఎప్పుడూ తాగింది చల్లారిన కాఫీయే.

రెండేళ్ళ కిందట ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, మందులు దగ్గును తగ్గిస్తాయి తప్ప జబ్బును కాదని డాక్టర్ చెప్పాడు. మామ అంతా విని, బయటికొచ్చాక నన్నడిగింది సైకిల్ గురించి. ఊరి బయట ఎత్తు రోడ్డు ఎక్కలేకపోతున్నాడట. పెడల్ దగ్గరి చక్రానికి పళ్ళు తగ్గిస్తే తొక్కడం తేలికవుతుందని ఎవరో చెప్పారట. బస్సులో పొమ్మన్నాను. మగ్గాలున్న సందుల్లోకి బస్సు రాదన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరం సైకిల్ షాపుకు పోయాం. ఉన్నది నలభై నాలుగు పళ్ళది. షాపతను ముప్పై ఆరుది, ముప్పై రెండుది బల్ల మీద పెట్టి, చిన్నది వేసేకొద్దీ కాళ్ళు ఎక్కువ తిరుగుతాయి, బండి తక్కువ పోతుందని హెచ్చరించాడు. మామ రెండింటి పళ్ళనూ బొటనవేలితో తడిమి చూసి ముప్పై ఆరుది తీసుకున్నాడు. "తొందరగా పోయి ఏం చేసేది? నేను పొయ్యేదాకా మగ్గం యాడికీ పోదు," అన్నాడు. చైను రెండు లింకులు కత్తిరించి బిగించారు. ఆ వారమే ఫోన్ చేసి, సైకిల్ దిగకుండా ఎత్తు రోడ్డు ఎక్కానని చెప్పాడు.

ఆ సంతోషం ఆరు నెలలు ఉంది. తర్వాత ముప్పై రెండుది వేయించాం. అది మూడు నెలలే. మేం పళ్ళు తగ్గించేకొద్దీ ఆయన ఊపిరి అంతకంటే వేగంగా తగ్గుతూ వచ్చింది. ఇంకా చిన్నది దొరుకుతుందా అని అడిగాడు. దానితో ఏమీ కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసేమో. అయినా తిరుత్తణి, తిరువళ్ళూరు షాపులన్నీ తిరిగి, చిన్నపిల్లల సైకిళ్ళకు వేసే ఇరవై ఎనిమిది పళ్ళది పట్టుకుపోయాను. వద్దని చెప్పి, దానికి బదులు ఆయనకు ఏమివ్వగలను?

అది బిగించిన రోజే పక్క ఊళ్ళో ఒకామె మగ్గం ఆగిపోయిందని కబురొచ్చింది. మామ బయలుదేరాడు. నేను పక్కనే నడిచాను. ఆయన కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం నా నడకతో సమంగా పోతోంది. ఎత్తు సగంలో ఆగిపోయాడు. నేను సీటు వెనక చెయ్యి వేశాను.

"తొయ్యొద్దురా. నువ్వు దినమూ వస్తావా?"

చెయ్యి తీసేశాను. ఊపిరి కూడదీసుకుని, ఇంతకన్నా చిన్నది లేదా అని అడిగాడు. లేదు మామా అన్నాను.

ఆ మగ్గం ఇప్పటికీ ఆగే ఉందని, మామ దినాలకు వచ్చినప్పుడు ఆమే చెప్పింది.

ఆ రోజు ఎత్తు సగంలో ఆగిన మామ వెంటనే వెనక్కి తిరగలేదు. ఒక కాలు రోడ్డు మీద ఆనించి, ఇంకో కాలితో పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ నిలబడ్డాడు. వెనక చక్రం కదలకుండా టిక్‌టిక్‌మంటోంది. ఆయన మిగిలిన రోడ్డు వైపే చూస్తున్నాడు.