నాలుక తీసిన గంట

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నౌపడలో మా వీధి ఆడవాళ్లు ఉప్పుమడుల గట్టు మీద ఏదో తెల్లగా కనబడిందని జడుసుకుంటే, అక్కడ ఉప్పు కాక మరేం కనబడుతుందని వెక్కిరించేదాన్ని. ఇప్పటికీ నా బుద్ధి అదే. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో మోగిన గంట సంగతి మాత్రం తలుచుకుంటే, భయం కన్నా ముందు ఒళ్లు మండుతుంది.

అరవైల చివరి మాట. మా అక్క అప్పలనర్స అక్కడ పురుడు పోసుకుంది. బిడ్డ బాగానే ఉంది, అక్కకే రక్తం ఆగలేదు. ప్రాణం మీదున్న వాళ్లను విడిగా ఉంచే గదిలోకి మార్చారు. ఆ గది చూసుకునే నర్సు రూతమ్మ.

ఆ ఆసుపత్రికి ఒక ఆచారం ఉండేది. నర్సు తనంతట తాను పెద్ద డాక్టరుగారితో మాట్లాడకూడదు. చిన్న డాక్టరుకు చెప్పాలి, ఆయన పెద్దాయనకు చెప్పాలి. చిన్న డాక్టరు లేనప్పుడు ఏదైనా ముంచుకొస్తే కొట్టడానికి వరండాలో ఇత్తడి గంట వేలాడదీశారు. దాని చప్పుడుకు మధ్యాహ్నం నిద్ర చెడుతోందని పెద్దాయన గంట లోపలి నాలుక ఊడదీయించి తన బల్ల సొరుగులో పెట్టుకున్నారట. గంట మాత్రం తాడుతో సహా అలాగే ఉంది, చూసేవాళ్ల కోసం!

ఆ పూట చిన్న డాక్టరు భోజనానికి వెళ్లాడు. అక్క చేతులు చల్లబడుతున్నాయి. "సెల్లీ, సలేస్తన్నాదే" అంది. రూతమ్మ నాడి చూసి, మంచానికి కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తింది. పెద్దాయన్ని పిలవమని గోల పెట్టాను.

"నాను ఎల్లకూడదమ్మా. ఆయన అడిగితేనే నాను సెప్పాల. నువ్వెల్లు, బేగి ఎల్లు" అంది రూతమ్మ.

"పేణం పోతంటే అడిగేదాకా ఆగాలా? ఏటిది?" అని అరిచి, ఆవరణలోనే ఉన్న ఆయన బంగళాకు పరిగెత్తాను. గుమ్మంలో బంట్రోతు అడ్డం నిలబడ్డాడు. "అయ్యగారు తొంగున్నారు. సిన్న డాక్టరుగారు సెప్తేనే లేపుతాను" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు కూడా పడుకునే ఉన్నాడు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, ఏడుస్తూ వెనక్కొచ్చాను.

వరండా మెట్లెక్కుతుండగా గంట మోగింది, సరిగ్గా నా తలమీద. తాడు మేకుకు చుట్టినట్టే ఉంది. దగ్గర ఎవరూ లేరు. తలెత్తి చూస్తే గంట లోపల ఖాళీ. అయినా మోగుతూనే ఉంది. కిటికీలోంచి రూతమ్మ కనబడుతోంది, రెండు చేతులతో అక్క పొట్ట అదిమిపట్టి ఉంది.

పెద్ద డాక్టరుగారు బనియనుతోనే పరుగెత్తుకొచ్చారు. సూది వేశారు, రక్తం ఎక్కించారు. మంచి వైద్యుడే, కాదనను. ఆయన చెయ్యి పడ్డాకే అక్క బతికింది. నా కడుపుమంట కూడా అదే. ఆ చెయ్యి అంతసేపూ పక్క బంగళాలోనే ఉంది కదా!

సాయంత్రం నన్నూ, రూతమ్మనూ, బంట్రోతునూ తన గదిలోకి పిలిచి, గంట ఎవరు కొట్టారని అడిగారు. ఎవరూ కొట్టలేదన్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన సొరుగు లాగారు. గంట నాలుక జేబురుమాలులో చుట్టి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన మొహంలో రంగు మారడం అందరం చూశాం. అయినా రూతమ్మ వైపు తిరిగి, "నువ్వే కొట్టావు" అన్నారు.

రూతమ్మ ఏదో చెప్పబోయింది.

"నిన్ను అడిగానా?" అన్నారు.

ఆమెను ఆ గది నుంచి తీసేసి, కట్లు కట్టే పనిలో వేశారు. వెళ్లేముందు అక్క నుదురు తాకి చూసి వెళ్లింది. నేను ఆమె తరఫున ఎంత అరిచినా వినే నాథుడు లేడు.

అక్క ఇప్పుడు మనవరాళ్లకు జడలు వేస్తోంది. ఆ గంట ఎలా మోగిందో నేను ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. ఇంత జరిగాక నాలుక మళ్లీ తగిలిస్తారని అనుకున్నాను. మర్నాడు పొద్దున వరండాలోకి వచ్చి చూస్తే, గంటనే దింపించేశారు.