బావగారి ఫుల్ ట్యాంకు

ఉదయం ఆరింటికి నరసాపురంలో బయల్దేరాను. రొయ్యల చెరువులు కలిసొచ్చిన రోజుల్లో మా అన్నయ్య కొన్న టర్బో కారును తునిలో ఒక డాక్టరమ్మగారికి అప్పగించి, రైల్లో తిరిగి రావాలి. ఇప్పుడు చెరువులూ లేవు, అన్నయ్యా లేడు. ఇంజనులో ఏ లోపమూ లేదని ఫోన్లో ఆవిడకు మాటిచ్చాను. ఆవిడ తాతగారు ఒకప్పుడు మా దివాణంలో గుమస్తా. ఆ ఇంటివాళ్ళ ముందు మా మాట తేలిపోకూడదు. మేం అమ్ముకుంటున్న వాటిలో అది లేదు.

పాలకొల్లులో అక్కయ్య ఇంట్లో ఆగితే పెసరట్టూ ఉప్మా వడ్డించారు. వద్దన్నకొద్దీ ఇంకా వడ్డించారు. నేను తింటుండగా, కారు నీడన పెడతానని బావగారు తాళాలు తీసుకున్నారు. ఎనిమిదింటికి మళ్ళీ రోడ్డెక్కాను.

నిడదవోలు వరకు కాలవగట్టు రోడ్డు ఇరుకు, ట్రాక్టర్లు ఎక్కువ. నెమ్మదిగానే నడిపాను కాబట్టి తేడా తెలియలేదు. కొవ్వూరులో వంతెన ఎక్కుతూ ఒక బస్సును దాటబోయి యాక్సిలరేటరు నొక్కితే, రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు టకటకమంది. ఆ వెంటనే ఊపు తగ్గిపోయింది. వెనక ఇసుక లారీ నన్ను దాటుకుపోతుంటే డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటండీ, తాడు కట్టమంటారా?" అన్నాడు. నేను అటు చూడలేదు. వంతెన పొడవునా ఒకటే ఆలోచన: తునిలో ఆవిడ నా కళ్ళముందే ఇది నడిపి చూస్తుంది.

రాజమండ్రిలో దిగి బానెట్ ఎత్తి చూశాను. ఏమీ అంతుపట్టలేదు. మళ్ళీ సీట్లో కూర్చున్నాక పెట్రోలు ముల్లు కనిపించింది. ఇంటి దగ్గర సగంలో ఉన్నది ఇప్పుడు ఫుల్ గీతకు దగ్గరగా ఉంది. ఎస్టీడీ బూత్ నుంచి పాలకొల్లు ఫోన్ చేశాను.

"మా ఇంటికొచ్చిన బండిని సగం ట్యాంకుతో పంపుతానా బావా? అడిగితే నువ్వు ఒప్పుకోవుగా" అన్నారు బావగారు.

చుట్టం కడుపుతో పాటు బండి కడుపూ నింపడం ఆయన మర్యాద. నింపింది మామూలు పెట్రోలు. మా కారు తాగేది హై ఆక్టేన్ అనే ఖరీదైన రకం. మామూలు కారుకు ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. టర్బో మాత్రం గాలిని కుక్కి పంపుతుంది. ఆ ఒత్తిడికి, వేడికి మామూలు పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుంటుంది. ఆ టకటక అదే. కారులోని కంప్యూటరు దాన్ని పసిగట్టి ఇంజనును కాపాడటానికి జోరు తగ్గిస్తుంది. ఇలాంటి బండితో ఇటువైపు వచ్చేవారు భోజనానికి కూర్చునేముందు తాళాలు జేబులో వేసుకోవడం మంచిది.

గ్యారేజీలో పెట్రోలంతా క్యాన్లలోకి తీయించాను. "మంచి పెట్రోలేగదండీ" అని మెకానిక్ బాధపడ్డాడు. దాన్ని ఆయన గ్యారేజీలోని స్కూటర్లకే ఇచ్చేశాను. హై ఆక్టేన్ పోయించి హైవే ఎక్కాక, కాసేపు యాక్సిలరేటరు నొక్కడానికి ధైర్యం చాల్లేదు. చివరికి నొక్కాను. చప్పుడు లేదు. వెన్ను సీటుకు అతుక్కుంది. దారిలో అందరికంటే ముందు, మధ్యలో ఎక్కడో ఆగి మళ్ళీ బయల్దేరినట్టుంది, నన్ను వెక్కిరించిన ఇసుక లారీనే దాటాను. దాని వైపూ చూడలేదు.

రెండింటికి తుని చేరాను. డాక్టరమ్మగారు హైవే మీద తనే నడిపి, "బాగా లాగుతోందండీ" అన్నారు. నేను జరిగిందంతా చెప్పాను. తునిలో ఈ పెట్రోలు దొరకదని, ప్రతిసారీ రాజమండ్రిలోనే పోయించుకోవాలనీ చెప్పాను.

ఆవిడ కారు పక్కకు తీసి ఆపారు.

"ఇవన్నీ దాచి అమ్మొచ్చు కదండీ?"

"మాకది అలవాటు లేదమ్మా."

"మీ ఇంటి గురించి మా తాతగారూ అదే చెప్పేవారు" అని నవ్వి, ఆవిడే నన్ను స్టేషన్లో దింపారు.

సాయంత్రం రైల్లో ఎదురుగా లేసు మూటతో ఒక పెద్దావిడ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు కార్లో వెళ్ళానంటే, మరి కారేదని అడిగారు. ఇచ్చేశానన్నాను. "అయినా హాయిగా ఉన్నారేంటండీ!" అన్నారు. వంతెన మీద గోదావరి గాలి తగులుతుంటే ఏళ్ళ తర్వాత మొదటిసారి వెనక్కి జారబడి కూర్చున్నాను.

రైలు పాలకొల్లులో ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద బావగారు కాచుకుని ఉన్నారు. నరసాపురం దాకా వెళ్ళనివ్వకుండా దింపి, బయట స్కూటరు దగ్గరికి తీసుకెళ్ళారు. రాత్రికి ఇక్కడే ఉండాలట, పులస వండిస్తున్నారట. క్యాన్ల సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

"ఎక్కు బావా, దీనికీ ఫుల్ ట్యాంకు చేయించాను" అన్నారు.

స్కూటరుకు ఏ పెట్రోలైనా ఒకటే. వెనక ఎక్కి కూర్చున్నాను.