నోరు మూసినా ఆగని పాట

నా చిన్నప్పుడు, అమెరికాలోని ఇర్వింగ్‌లో, మా ఎదురింటి అమెరికన్ తాత సాయంత్రాలు తన గరాజ్‌లో కూర్చుని గిటార్ వాయించుకునేవారు. కుర్రతనంలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఆ గరాజ్‌లోనే బ్యాండ్ పెట్టారట. వాళ్ళ మొదటి పాట దేశమంతా మోగిపోయి, ఆ ఏడాది పాటలన్నిటికన్నా పైన నిలిచిందట. అంతటి మనిషి మా వీధిలో ఉన్నందుకు నేను స్కూల్లో తెగ గొప్పలు పోయేదాన్ని. ఆయన పాడగా మాత్రం వీధిలో ఎవరూ వినలేదు.

ఆ ఏడాది తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమంలో పాడడానికి అమ్మ నా పేరిచ్చింది. నా తెలుగేమో అప్పటికే అమెరికా నీళ్ళు తాగి వంకర్లు తిరిగింది. అందరూ నవ్వుతారని అమ్మకి దిగులు పట్టుకుంది. చివరికి ఇండియా నుంచి ఒక సీడీ తెప్పించింది. అందులో నా ఈడు పిల్లెవరో ఒక్క పొల్లు పోకుండా పాడింది.

"నువ్వు జస్ట్ లిప్స్ మూవ్ చెయ్యి నాన్నా. స్టేజ్ మీద అందరూ చేసేదే," అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం వాకిట్లో సీడీ పెట్టుకుని పెదాలు కదుపుతున్నాను. అమ్మ కార్‌లోంచి సామాన్లు దింపుతోంది. ఎదురింటి తాత రోడ్డు దాటి వచ్చి, ఆ పాడే పిల్ల ఎవరని అడిగారు. తెలియదన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. అమ్మకి చెప్పి నన్ను తన గరాజ్‌కి తీసుకెళ్ళారు.

తలుపు బార్లా తీసే ఉంది. బయట ఎండ మండిపోతున్నా లోపల ఎందుకో చల్లగా ఉంది. ఆయన గిటార్ అందుకుని నోరు తెరిచారు. ఆ ముడతల నోట్లోంచి మీసాలైనా సరిగ్గా రాని కుర్రవాడి గొంతు కొంటెగా బయటికొచ్చింది. ఒక చరణం పాడాక ఆయన నోరు మూసుకుని, గ్లాసు తీసుకుని మంచినీళ్ళు తాగారు. పాట ఆగలేదు.

నేను గోడకి అతుక్కుపోయాను. ఆయన నన్నే చూస్తూ గుటకలు వేస్తున్నారు. కుర్రవాడు ఆయన వెనకనుంచి పాడుతూనే ఉన్నాడు. అప్పుడు ఒక పాత దుప్పటి ఎత్తి, దాని కింద ఉన్న స్పీకర్ చూపించారు. అయినా నా భయం తగ్గలేదు.

పాటల కంపెనీవాళ్ళకి ఆయన ముఖం నచ్చింది కానీ గొంతు నచ్చలేదట. వేరెవరిచేతో పాడించి, ఊరూరా స్టేజీలెక్కించి ఈయన చేత పెదాలు ఆడించారట. పాడినతన్ని ఈయన ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడో పోయాడని మాత్రం విన్నారు.

"పోయాడు. కానీ నేను నోరు తెరిస్తే ఇప్పటికీ వాడే వస్తాడు," అన్నారు.

మరి మీ గొంతుతో పాడండి అన్నాను. ఆయన నోరు తెరిచారు. ఏమీ రాలేదు. తెరిచిన నోరు చాలాసేపు అలాగే ఉండిపోయింది. తన గొంతు ఎలా ఉండేదో మర్చిపోయానన్నారు. నా జీవితంలో నేను విన్న మాటల్లో నన్ను అంతగా భయపెట్టింది మరొకటి లేదు.

ఉగాది రోజు స్టేజ్ మీద సీడీ మొదలైంది. నోరు తెరిస్తే ఆ పిల్ల నా లోపల దూరి ఇక పోదేమోననిపించింది. పెదాలు బిగించేశాను. నా నోరు మూసే ఉంది, పాట మాత్రం హాలంతా సాగిపోతోంది. జనం గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరసలో ఎవరి చంటిబిడ్డో కెవ్వుమంది. స్టేజ్ పక్కనున్న అమ్మ నా ముఖం చూసి ఏమనుకుందో ఏమో, సీడీ ఆపేసింది.

"నువ్వే పాడు తల్లీ," అంది.

పాడాను. అమ్మ భయపడినట్టే జనం నవ్వారు. అమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ పాట అయ్యేదాకా నిలబడే ఉంది.

మర్నాడు ఎదురింటి తాతకి అదే పాట పాడి వినిపించాను. భాష తెలియకపోయినా కళ్ళు మూసుకుని విన్నారు. రెండో చరణంలో గరగరమంటూ ఒక కూనిరాగం నా పాటతో కలిసింది. శ్రుతీ లేదు, తాళమూ లేదు. తలెత్తి చూస్తే ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆ రాగం వాటి మధ్యనుంచే వస్తోంది. అది విని ఆయనే ఉలిక్కిపడ్డారు.

నా తెలుగు ఇప్పటికీ తిన్నగా లేదు. నలుగురిలో లేచి మాట్లాడాలంటే ఈ వయసులోనూ వెన్నులో చలి పుడుతుంది. నా తరఫున మాట్లాడతామని ఎవరైనా అంటే, వాళ్ళెంత మాటకారులైనా, వద్దంటాను. మనం వాడని గొంతు మనకోసం కాచుకుని కూర్చోదు.