చాప మీది పదకొండేళ్లు

ప్రొద్దుటూరులో మా క్రైస్తవ సంఘం ఉజ్జీవ కూటాలు మూడు రోజులు జరిగాయి. చివరి సాయంత్రం బోధకుడు, "పాపం వదిలించుకుని కొత్తగా పుట్టినవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. నేను మిషన్ బడి పంతుల్ని, పైగా చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి కొడుకుని. నా చెయ్యి అందరికంటే ముందు లేచింది. నలుగురూ వచ్చి నా చేతులు పట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పారు. గదికి వచ్చి తలుపేసుకున్నాక సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్లాం బిడ్డలు లేని ఒంటిగాణ్ణి, ఎవరితో చెప్పుకోను? శుక్రవారం బడికి సెలవుచీటీ రాసిచ్చి పులివెందులకు బయలుదేరాను. అక్కడ దేవదానం ఉన్నాడు.

ఆయనెవరో చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. పదకొండేళ్ల కింద జమ్మలమడుగు బడిలో ఇద్దరం పంతుళ్లం. హెడ్మాస్టరు పని ఖాళీ అయింది. వయసులో పెద్దవాడు కనుక అది దేవదానానికే వచ్చేది. ఆ ఏడు పెద్దముడియం పక్క పల్లె జాతరలో ఆయన కనిపించాడు. మా మతంలోకి రాని ఆయన తమ్ముడొకడు అక్కడ తాగి పడిపోతే ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. నేను చూసింది అంతే. సంఘ పెద్దల ముందు మాత్రం, అమ్మవారికి బలిచ్చిన దున్నపోతు మాంసం తింటుంటే కళ్లారా చూశానని చెప్పాను.

మా సంఘాల్లో అలాంటి తప్పు రుజువైతే ప్రభువు బల్లకు దూరం పెడతారు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు ఆ మనిషి అందరి వెనకా చాప మీద కూర్చోవాలి. నిలబడి తప్పు ఒప్పుకుంటేనే మళ్లీ చేర్చుకుంటారు. వేరే ఊరికి పోయినా తప్పదు, పాత సంఘం ఉత్తరం రాయందే కొత్త సంఘం బల్ల దగ్గరికి రానివ్వదు. దేవదానం ఒప్పుకోలేదు. పని పోయింది, ఊరు వదిలాడు. హెడ్మాస్టరు కుర్చీలో నేను కూర్చున్నాను, తర్వాత ప్రొద్దుటూరు బడికి మారాను.

ఆరున్నర బస్సు ఏడూ ముప్పావుకు జమ్మలమడుగు చేర్చింది. చర్చి ముందు నుంచే పోయింది గానీ నేను అటు చూడలేదు, చెప్పుల వైపు చూసుకున్నాను. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, కాఫీ బాగుంటాయి. ఈ దారిన పోయేవాళ్లు అక్కడే తినేయండి, ముద్దనూరులో ఏమీ దొరకదు. ముద్దనూరుకు టికెట్టు పది అణాలు. కొత్త పైసలు వచ్చినా కండక్టరు నోటికి ఇంకా అణాలే వస్తున్నాయి.

పెన్నలో నీళ్లు లేవు, ఇసుకే. పక్కన గాజుల మలారంతో ఒక సాయిబు కూర్చున్నాడు.

"యాడికప్పా పోతాండావు?"

"పులివెందులకు."

"చుట్టాలుండారా?"

"ఉండేవాళ్లు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని ముద్దనూరు దాకా ఎదురుచూశాను.

ముద్దనూరులో రెండింటి దాకా కాచుకోవాలి. నీడ రైల్వే స్టేషన్లోనే ఉంది. పులివెందుల బస్సులో ఎడమ పక్క కూర్చుంటే ఎండ తప్పుతుందని ఎవరో చెప్పారు, తప్పలేదు. నాలుగున్నరకు దిగి, దేవదానం ఎక్కడని అడుగుతూ, వేరుశనగ బస్తాలు అమ్మే చెనిక్కాయల మండీకి పోయాను. నాకంటే చక్కగా పద్యం చెప్పే మనిషి అక్కడ దబ్బనంతో గోనెసంచులు కుడుతున్నాడు. జుట్టంతా నెరిసింది.

"సామ్యేలా? రాప్పా, కూచో" అన్నాడు. ముఖంలో కోపం లేదు, సంతోషమూ లేదు.

దారి పొడవునా కూడబలుక్కున్న ప్రసంగం ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అన్నా, జాతరలో నువ్వు తినలేదు. నేను అబద్ధం చెప్పినా" అన్నాను.

"అది నాకు తెల్దా? తిన్యానో లేదో నా నోటికి తెల్దా?" అని దారం తెంపాడు. "ఈడి పెద్దలు గూడా ఒప్పుకోమని శానాసార్లు చెప్పినారు. చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకుంటా? చాప మీదనే కూచుంటాండా."

పొద్దుగూకే వేళకు ఇంటికి తీసుకుపోయి తనే జొన్నరొట్టెలు చేశాడు. వదిన ఏదని అడిగాను.

"రూతమ్మ పోయి రెండేండ్లాయ" అన్నాడు. "కడాకు, పోయేముందు గూడా అడిగింది, నిజంగా తినలేదా అని. ఒట్టు పెట్టినా. తలూపింది. నమ్మిందో లేదో."

ఒక కుర్చీ కోసం ఆడిన మాట ఆ ఇంట్లో మొగుడూపెళ్లాల మధ్య తొమ్మిదేళ్లు కాపురం చేసింది. ఏడ్చాను. నన్ను క్షమించావా అన్నా అని అడిగాను.

"దేవుడు క్షమిస్తాడు. నాకు ఇంకా చేత కాలేదప్పా, ప్రార్థన చేస్తాండా" అన్నాడు. నీళ్ల చెంబు నా వైపు జరిపి, "తెలిసినోనికి చెప్పేకి ఇంత దూరం వచ్చినావు. తెలియనోళ్లు జమ్మలమడుగులో ఉండారు. యాడ చెప్పినావో ఆడనే పోయి చెప్పు. ఎల్లుండే మొదటి ఆదివారం" అన్నాడు.

బుద్ధిమంతుణ్ణి, చర్చి దాటుకుని నలభై మైళ్లు పోయి ఒప్పుకున్నాను! తెల్లవారి నేను లేచేసరికే ఆయన మండీకి వెళ్లిపోయాడు. పది గంటల బస్సులో తిరిగి బయలుదేరాను. ఐదింటికి జమ్మలమడుగులో దిగి, తెలిసినవాళ్ల ఇళ్లు ఉన్నా సత్రంలో పడుకున్నాను.

ఆదివారం తొమ్మిదికి ఆరాధన మొదలైంది. రొట్టె మీది తెల్లగుడ్డ తీయకముందే లేచి నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, హెడ్మాస్టరు పని సంగతితో సహా. చర్చిలో విసనకర్రలు ఆగిపోయాయి. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలామె, "ఇన్నేండ్లు యాడుండావు నాయనా?" అంది.

సంఘ పెద్దలు లోపలికి పోయి వచ్చారు. దేవదానం నిర్దోషి అని అందరికీ వినపడేలా చదివారు. పులివెందుల సంఘానికి ఉత్తరం రాస్తామన్నారు. నన్ను ఆరు నెలలు బల్లకు దూరం పెట్టారు. నడుచుకుంటూ పోయి వెనక చాప మీద కూర్చున్నాను. నా పక్కన ఎవరూ లేరు. రొట్టె పళ్లెం ముందు వరసల్లో తిరిగి, నా దాకా రాకుండానే వెనక్కి పోయింది. పదకొండేళ్లుగా ప్రతి నెలా ఆ రొట్టె తిని కుమిలిపోయినవాణ్ణి, తినని ఆ రోజు నా పాపం పోయిందని నమ్మాను. ఎవరూ చెయ్యెత్తమనలేదు. ఎత్తాలనీ అనిపించలేదు.

మూడున్నర ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. ఊరు దాటాక ఏడుపు ఆగలేదు. పక్కనున్న అవ్వ చెనిక్కాయలు ఒలుస్తూ, "ఎవరన్నా పోయినారా నాయనా?" అంది.

"శానా ఏండ్ల కింద చేసిన తప్పు ఈ పొద్దు ఒప్పుకున్యానవ్వా."

"ఒప్పుకున్యాక ఇంక ఏడుపెందుకు?"

ఆమె అడిగింది న్యాయమే. దేవుడు నన్ను విడిపించాడు, అందులో అనుమానం లేదు. ఆ ఉత్తరం ఈ వారంలో దేవదానానికి చేరుతుంది, వచ్చే నెల ఆయన చాప మీద నుంచి లేస్తాడు. ఈ సంగతి రెండేళ్ల ముందు చెప్పి ఉంటే రూతమ్మ వినేది.